ముందు చోటు చూపించండి

మా ఇంట్లో ఏసీ ఉన్న గది తలుపు చాలా ఏళ్ళపాటు సగమే తెరుచుకునేది. తలుపులో లోపమేమీ లేదు. దాని వెనక అట్టపెట్టెలు ఉండేవి, అంతే. ఆ సగం తలుపుకి మేం బాగా అలవాటు పడిపోయాం. ఒక భుజం ముందుకు తోసి, పొట్ట లోపలికి లాగి, పక్కకి తిరిగి దూరడమే గదిలోకి వెళ్ళే పద్ధతి అనుకునేవాళ్ళం. మా అమ్మాయి స్నేహితురాళ్ళ ఇళ్ళకి వెళ్ళినా అలవాటు కొద్దీ గుమ్మాల్లోంచి పక్కగానే నడిచేదిట.

నరసరావుపేటలో మాది పాత ఇల్లు. మావారికి బజార్లో విత్తనాలు, పురుగుమందుల కొట్టు. నేను రొంపిచెర్ల దగ్గర ఒక బళ్ళో టీచర్ని, రోజూ బస్సులో వెళ్ళొస్తాను. మాతోపాటు మా అత్తగారు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఉంటారు. ఇంతే మనుషులం. సామాను మాత్రం ఇంకో రెండు కుటుంబాలకి సరిపోయేంత ఉండేది.

ఆ సామాను ఒక్కరి పుణ్యం కాదు. మావారు ఫోన్లో కొనేవారు. పంటల కాలం కానప్పుడు మధ్యాహ్నాలు కొట్టుకి రైతులు రారు. ఆ ఖాళీ మధ్యాహ్నాల్లోనే మా ఇంటికి వస్తువులన్నీ వచ్చాయి. కాళ్ళు నొక్కే మిషను, మడత నిచ్చెన, తల మీద పెట్టుకునే లైటు, కారు అద్దాలు తుడిచే సెట్టు. ఆ సెట్టు వచ్చినప్పుడు మాకు కారు లేదు. ఇప్పటికీ లేదు.

నాది డబ్బాల పిచ్చి. ఎండాకాలం ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టారంటే ఒకదాంట్లో ఒకటి ఇమిడే ప్లాస్టిక్ డబ్బాలు కొనకుండా బయటికి వచ్చేదాన్ని కాదు. డబ్బాలు ఖాళీగా ఉంటే బాగుండదని పప్పులు ఎక్కువ తెచ్చేదాన్ని. పప్పులు ఎక్కువైతే మళ్ళీ డబ్బాలు చాలేవి కావు.

మా అత్తగారు అసలేమీ కొనేవారు కాదు. ఏమీ పారేసేవారు కూడా కాదు. పెరుగు బకెట్లు, స్వీటు పెట్టెలు, పెళ్ళిళ్ళలో ఇచ్చిన సంచులు, కవర్లు, ఆ కవర్లు దాచడానికి ఇంకో పెద్ద కవరు. "పారేస్తే ఎంతసేపు? అవసరమైతే ఎవడిస్తాడు?" అనేవారు. ఆ అవసరం ఎప్పుడొస్తుందని మా అమ్మాయి అడిగితే, "నువ్వు పారేసిన మర్నాడు" అని జవాబు.

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి ఒక వేసవిలో మావారి అక్క, బావగారు వచ్చారు. నాకు వదిన, అన్నయ్యగారు. ఊళ్ళో వాళ్ళ తరఫు బంధువుల పెళ్ళి. పొద్దున్నే రెంటచింతల నుంచి బయలుదేరి, మధ్యాహ్నం ముహూర్తానికి ముందు మా ఇంట్లో కాస్త నడుం వాల్చి వెళ్దామని వాళ్ళ ఆలోచన.

మా వదిన గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటు వెతుక్కుంటూనే మొదలుపెట్టింది. "ఎండంటే మా రెంటచింతలనే అంటారందరూ. మాకు ఎండ బయటే ఉంటదిరా తమ్ముడూ. నువ్వు లోపలిక్కూడా తెచ్చుకున్నావే. కిటికీకి అడ్డంగా ఆ బీరువా ఏంది?"

"అది పాత బీరువా అక్కా. కొత్తది లోపల పెట్టాం" అన్నారు మావారు.

"మరి పాతది ఎందుకున్నట్టు?"

"కొత్తదాంట్లో పట్టనివి పెట్టడానికి."

అన్నయ్యగారు ఈ చర్చలో పాల్గొనలేదు. ఆయన భారీ మనిషి, మితభాషి. ఏసీ గది ఎటని నన్ను అడిగి, చొక్కా గుండీలు విప్పుకుంటూ వెళ్ళారు. మాకు అలవాటైన విద్య ఆయనకి తెలియదు కదా. సగం తెరుచుకున్న తలుపులో భుజం పెట్టి, ఊపిరి బిగబట్టి, బలంగా ఒక్క తోపు తోశారు. లోపలికి వెళ్ళడమైతే వెళ్ళారు. ఆ వెనకే పెట్టెలన్నీ ధబధబా కూలిన చప్పుడు. తలుపు తనంతట తానే మూసుకుంది.

"అన్నయ్యగారూ, దెబ్బ తగిలిందా?" అని కంగారుగా పిలిచాను.

"లేదమ్మా. చల్లగా ఉంది" అన్నారు లోపల్నుంచి.

సరే, పడుకుంటారు, తర్వాత చూద్దామని మేం వంటింట్లో పడ్డాం. ముహూర్తం దగ్గర పడింది. మా వదిన పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చి తలుపు తట్టింది. "లేవండి, బయల్దేరదాం." జవాబు లేదు. తలుపు నెట్టింది. కదల్లేదు. చెవి ఆనించి విని, మా వైపు తిరిగింది.

"లోపల ఏదో జుయ్యిమంటోంది. ఏసీ చప్పుడు కాదిది."

మావారు వచ్చి భుజంతో నెట్టారు. తలుపు బెత్తెడు కూడా కదల్లేదు. "బావా! తలుపుకి అడ్డంగా ఏమున్నాయో చూడు!"

"నీ సంసారమంతా ఉందయ్యా" అన్న మాట ప్రశాంతంగా వినిపించింది.

"కాస్త పక్కకి జరపగలవా?"

"జరపడానికి పక్కేదీ? పక్కన కూడా నీ సంసారమే."

ఇక కిటికీయే దారి. అందరం ఇంటి వెనక్కి పరిగెత్తాం. ఆ కిటికీకి ఇనప ఊచలున్నాయి, మనిషి పట్టడు. మా అత్తగారు మునక్కాయలు కోసే దోటికర్ర తెచ్చి కొడుకు చేతికిచ్చారు. కిటికీ తలుపు తీసి చూసేసరికి అన్నయ్యగారు మంచం అంచున కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు కాళ్ళూ ఏదో నల్లటి పెట్టెలో పెట్టుకుని ఉన్నారు. జుయ్యిమంటున్నది అదే. మావారు కొన్న కాళ్ళు నొక్కే మిషను. పైనుంచి పడినప్పుడు దాని పెట్టె చిరిగిందిట. చిరిగిందాన్ని పూర్తిగా విప్పి, ప్లగ్గు వెతికి పెట్టుకున్నారు.

మావారు ఊచల్లోంచి దోటికర్ర దూర్చి పెట్టెల్ని తలుపు దగ్గర్నుంచి నెట్టడం మొదలుపెట్టారు. వెనక నుంచి మా అత్తగారు దర్శకత్వం. "ఆ నీలం పెట్టె ముందు! అది కాదురా, దాని పక్కది! మునక్కాయ కోస్తున్నావా ఏంది, గట్టిగా పొడువు!"

ఒక పెట్టె దొర్లి బోర్లా పడింది. దాని మీద బొమ్మ చూసి మావారు కర్ర ఆపేశారు. "ఇది ఎప్పుడు కొన్నాను?" అని నన్ను అడిగారు. ఆ గొంతులో కొత్త వస్తువు దొరికిన ఆనందం ఉంది.

"ఒరేయ్, అవతల తాళి కట్టేస్తున్నారు!" అని మా వదిన అరిచింది.

తలుపు తెరుచుకునేసరికి ముహూర్తం కాస్తా దాటిపోయింది. అన్నయ్యగారు మాత్రం హాయిగా, కొత్త కాళ్ళు మొలిచినట్టు నడుచుకుంటూ వచ్చారు. పెళ్ళికి ఆలస్యమైందన్న బాధ ఆయన ముఖంలో లేదు, భోజనాలకి ఇంకా టైముందిగా. "బావమరిదీ, మిషను చానా బాగుంది. సీలు కూడా తియ్యలేదు, నువ్వు వాడవనుకుంటా" అన్నారు. సాయంత్రం వాళ్ళు ఊరెళ్ళేటప్పుడు ఆ మిషను వాళ్ళతోనే బస్సెక్కింది.

బస్సెక్కే ముందు మా వదిన తమ్ముడితో ఒక మాటంది. "పెళ్ళివాళ్ళంతా అడుగుతున్నార్రా, తాళి కట్టేప్పుడు కనపళ్ళేదేందని. గదిలో ఇరుక్కుపోయామని ఏ ముఖంతో చెప్పను? మళ్ళా మీ ఇంటికొస్తే వరండాలోనే పడుకుంటాం." నవ్వుతూనే అంది. కానీ మా అత్తగారికి అది గుచ్చుకుంది. కూతురు పుట్టింటికి వచ్చి కాళ్ళు చాపుకోలేక వెళ్ళిపోయిందని.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆవిడ తీర్పు చెప్పారు.

"గేదెను కొనేముందు కట్టుగొయ్య పాతుకుంటాం. అది ఎక్కడ నిలబడుద్ది, ఎక్కడ పడుకుంటది చూసుకుంటాం. మీరు గేదెల్ని తోలుకొచ్చి పడగ్గదిలో కడుతున్నారు. ఇకమీదట ఈ ఇంట్లోకి ఏది రావాలన్నా ముందు దాని చోటు చూపించండి. ఆ చోటు ఖాళీ చెయ్యండి. వారం రోజులు ఖాళీగా ఉంచండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోండి."

"వారం ఎందుకమ్మా?" అన్నారు మావారు.

"ఖాళీ చేసిన చోటునే వారం కాపాడలేనోడివి, వస్తువుని ఏం కాపాడతావురా?"

అందరం ఒప్పుకున్నాం. ఒప్పుకునేటప్పుడే మావారు మనసులో ఒక వస్తువుని, నేను ఒక వస్తువుని అనుకుని ఉన్నామని ఒకరి ముఖం చూస్తే ఒకరికి తెలిసిపోయింది.

ముందు బరిలోకి దిగింది మావారే. నూనె లేకుండా వేయించే మిషను ఒకటి కావాలని ఆయన కోరిక. వంటింటి గట్టు మీద ఒక మూల ఎంచుకున్నారు. అక్కడున్న పాత గ్రైండరు, మూత లేని ఫ్లాస్కు, చెడిపోయిన మిక్సీ తీయించి పాత సామానువాడికి ఇచ్చేశారు. గట్టు తుడిచి, వెనక్కి జరిగి, ఇల్లు కట్టిన మేస్త్రీలా చూసుకున్నారు. "చూశారుగా. ఇదే చోటు" అని అందరికీ చూపించి కొట్టుకి వెళ్ళారు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఆ మూల ఆవకాయ జాడీ ఉంది.

"అమ్మా! అది నా చోటు!"

"ఖాళీగా కనపడింది, పెట్టా. ఆవకాయ ఊరేదాకా కదపగూడదు, ముక్క మెత్తబడుద్ది" అన్నారు మా అత్తగారు, అన్నంలో నెయ్యి వేస్తూ.

ఆవకాయ ఊరేసరికి నూనె లేకుండా వేయించుకునే కోరిక ఎటో పోయింది. కొత్తావకాయ, నూనె కలుపుకుని తింటున్న మనిషికి అలాంటి మిషను ఎందుకు గుర్తొస్తుంది?

ఆ జాడీ చూశాక నాకు ఈ చట్టంలోని కిటుకు అర్థమైంది. చోటు వారం ఖాళీగా ఉండాలని ఉంది. ఆ చోటులో ఇంకెవరూ ఏమీ పెట్టకూడదని ఎక్కడా లేదు. ఇంత మంచి కిటుకు వాడుకోకపోతే పాపం. మావారు బూట్ల స్టాండు కోసం వరండాలో ఒక గోడ ఖాళీ చేస్తే, మర్నాడు పొద్దున్నే అక్కడ నా తులసి కుండీలు వరసగా నిలబడ్డాయి. గోడ గడియారం పెద్దది కొంటానని ఒక మేకు కొడితే, దానికి నా గొడుగు తగిలించాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన అలా ఏమీ అనకపోవడం నాకు అనుమానమే అనిపించింది.

ఎగ్జిబిషన్ రానే వచ్చింది. నేను డబ్బాల కోసం వంటింట్లో ఒక అర మొత్తం ఖాళీ చేశాను. పాత డబ్బాల్లో మూతలున్నవి ఉంచి, లేనివి తీసేశాను. డబ్బాలు లేని మూతలు ఎన్ని ఉన్నాయో చూస్తే నాకే నవ్వొచ్చింది. సాయంత్రం గుడికెళ్ళి వచ్చేసరికి ఆ అర నిండా కంపెనీవాళ్ళు కొట్టుకి పంపిన గోడ క్యాలెండర్లు చుట్టలు చుట్టి ఉన్నాయి.

"ఖాళీగా కనపడింది, పెట్టాను" అన్నారు మావారు, వాళ్ళమ్మ గొంతుతో.

ఇలా కొన్ని నెలలు మా ఇంట్లో ఏదీ కొనడం కుదర్లేదు. ఎవరు ఏ చోటు ఖాళీ చేసినా ఇంకొకరు ఆక్రమించేవారు. ఆక్రమించడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి వేరే చోటు ఖాళీ అయ్యేది. ఆ గందరగోళంలో పనికిరానివన్నీ ఒక్కొక్కటే బయటికి వెళ్ళిపోవడం మేం గమనించనేలేదు. ఒకరోజు మా అమ్మాయి ఏసీ గది తలుపు తోస్తే అది పూర్తిగా తెరుచుకుని వెనక గోడకి ఢామ్మని కొట్టుకుంది. పిల్ల భయపడి అరిచింది.

చట్టం పెట్టిన మా అత్తగారు మాత్రం చట్టానికి దొరక్కుండా తిరిగేవారు. అదెలాగో నాకు ఒకరోజు తెలిసింది. బడికి మధ్యాహ్నం సెలవిస్తే తొందరగా ఇంటికొచ్చాను. గేటు దగ్గర పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ గంప దించుకుని కూర్చుంది. ఎదురుగా మా అత్తగారు. మధ్యలో బట్టల గుట్ట. బేరం మంచి రసపట్టులో ఉంది.

"ఈ గిన్నెకి ఇన్ని చీరలా? పట్టంచు చూడవే తల్లీ!"

"అంచుంది, చీరేదమ్మా? ఇంకో ప్యాంటెయ్యండి, మూత కూడా ఇస్తా."

మా అత్తగారు లోపలికి వెళ్ళి ఒక ప్యాంటు పట్టుకొచ్చి గుట్ట మీద వేశారు. అది మావారు శుభకార్యాలకి వేసుకునే ప్యాంటు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆపాలనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. కానీ ఆ మూత చక్కగా సరిపోయింది.

సాయంత్రం విచారణ జరిగింది. మావారు ప్యాంటు కోసం బీరువా మొత్తం వెతికి, చివరికి కొత్త గిన్నె చూసి విషయం గ్రహించారు.

"అమ్మా, రూలు పెట్టింది నువ్వే. గిన్నె కొన్నావు."

"నేను కొన్లేదు. మార్చుకున్నా. పోయింది పోయింది, వచ్చింది వచ్చింది. లెక్క సరి."

"నాయనమ్మా, చోటు చూపించు" అంది మా అమ్మాయి, లాయరులాగా.

మా అత్తగారు వంటిల్లంతా కలయజూశారు. గిన్నె చేతిలో పట్టుకుని అరల దగ్గరికి వెళ్ళి, ఒక పెద్ద గిన్నె దించి, దాంట్లో ఈ గిన్నె పెట్టి, పైన మూత పెట్టి, మళ్ళీ ఎక్కించారు. "గిన్నెలో గిన్నె. దీనికి వేరే చోటు కావాలా?"

డబ్బాల్లో డబ్బాలు కొనేటప్పుడు ఎగ్జిబిషన్‌లో నేను మావారికి చెప్పే మాటే అది. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

చివరికి ఇంటి శాంతి కోసం ఆ గిన్నె నిండా పప్పుచెక్కలు పోసి మా వదినకి పంపించారు మా అత్తగారు. గిన్నె నువ్వే ఉంచుకో అని ఫోన్లో గట్టిగా చెప్పారు కూడా. కొన్నాళ్ళకి మాచర్ల బస్సులో వచ్చిన ఎవరి చేతో అది తిరిగొచ్చింది, నిండా సున్నుండలతో. ఖాళీ గిన్నె పంపగూడదుగా అని మా వదిన ఫోన్లో నవ్వింది. వాళ్ళమ్మ కూతురే.

అన్నిటికన్నా పెద్ద యుద్ధం నడిచే మిషను గురించి జరిగింది. డాక్టరు మావారిని రోజూ నడవమన్నారు. బయట నడవడం కుదరదని ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు. పొద్దున్నే రోడ్డు మీద కనిపిస్తే చాలు, ఏదో ఒక రైతు బండి ఆపి పురుగు గురించి అడుగుతాడు. ఒకరోజు ఎవరూ గుర్తు పట్టకూడదని టోపీ పెట్టుకుని, ముఖానికి మాస్కు వేసుకుని, మెడకి మఫ్లరు చుట్టుకుని బయల్దేరారు. సందు మలుపు తిరిగారో లేదో ఒకాయన బైకు ఆపాడుట. "ఏందయ్యా, దొంగలాగా ఆ ముసుగేంది? నడక చూసి పోల్చుకున్నాలే. మా మిరపకి బొబ్బర తెగులొచ్చింది, ఏం కొట్టాలి?"

అందుకని ఇంట్లోనే నడిచే మిషను కావాలన్నారు. చోటు కూడా చూపించారు. హాల్లో కిటికీ పక్కన మూల. పాత బీరువా, చెడిపోయిన టీవీ, స్పాంజి బయటికొచ్చిన సోఫా ఉన్న మూల. కొట్టులో పనిచేసే ఇద్దర్ని పిలిపించి అన్నీ తీయించేశారు. ఆయన పట్టుదల చూసి నాకు భయమేసింది. ఈసారి వస్తువు వచ్చేలాగే ఉంది.

ఆ మూల తడిబట్ట పెట్టి తుడిస్తే కింద నాపరాళ్ళు బయటపడ్డాయి. మా మామగారు ఇల్లు కట్టించినప్పుడు మాచర్ల నుంచి తెప్పించినవి. ఇన్నాళ్ళూ సామాను కింద ఉండటంతో అరిగిపోకుండా నున్నగా, నల్లగా ఉన్నాయి. బీరువా తీశాక కిటికీ రెండు రెక్కలూ తెరిస్తే వేపచెట్టు మీదుగా గాలి తోసుకొచ్చింది.

నేను అప్పటికే ఒక స్టూలు పట్టుకుని రెడీగా ఉన్నాను. కానీ మావారు నాకన్నా ముందున్నారు. కొట్టు నుంచి పురికొస ఉండ తెచ్చి, కిటికీ ఊచకి, తలుపు గొళ్ళేనికి, ఒక కుర్చీకి కట్టి ఆ మూలకి కంచె వేసేశారు.

"వారం దాకా ఇందులో ఒక్క వస్తువు పెట్టడానికి వీల్లేదు" అని మా ముగ్గురికీ వేలు చూపించి చెప్పారు.

మర్నాడు మా అత్తగారు చింతపండు గంప, చాప పట్టుకొచ్చి, నడుం వంచి తాడు కిందుగా దూరి, లోపల చాప పరుచుకుని కూర్చున్నారు. గింజలు తీయడం మొదలుపెట్టారు.

మావారు చూసి లబోదిబోమన్నారు. "అమ్మా, ఏమీ పెట్టగూడదన్నానా?"

"నేనేం పెట్టాన్రా?"

"నువ్వు కూర్చున్నావుగా!"

"నేను వస్తువునా?" అన్నారు మా అత్తగారు. "ఏమే అమ్మాయ్, నేను వస్తువునేంది?"

"కాదు అత్తయ్యా" అన్నాను, నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంటూ.

చింతపండు పని అయిపోయినా ఆవిడ అక్కడి నుంచి లేవలేదు. గాలి బాగా వస్తోందిట. రెండో రోజు మా అమ్మాయి పుస్తకాలు తీసుకుని నాయనమ్మ పక్కన చేరింది. ఆ తర్వాత నేను పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్ళాను. పక్కింటి పిన్నిగారు కరివేపాకు కోసం వచ్చి, తాడు చూసి ఇదేదో వ్రతమనుకుని, చెప్పులు విప్పి లోపలికి వచ్చి చాలాసేపు కూర్చున్నారు. మేం ఎవరం లేని సమయం చూసి ఒక మధ్యాహ్నం మావారు కూడా దూరారు. నేను వచ్చేసరికి చాప కూడా లేకుండా, చల్లటి రాళ్ళ మీద బనీనుతో వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు. కొట్టు నుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. లేపాలనిపించలేదు. తలకింద ఒక దిండు పెట్టాను. తర్వాత అది వస్తువు అవుతుందని గుర్తొచ్చి, తీసేశాను.

వారం పూర్తయింది. ఆ రోజు ఆదివారం. మావారు కొలతల టేపు, ఫోను పట్టుకుని మూలకి వచ్చారు. అక్కడ మా అత్తగారు పూలు కడుతున్నారు. మా అమ్మాయి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఫోను చూసుకుంటోంది. ఏదో పని మీద వదినతో కలిసి మా ఊరొచ్చిన అన్నయ్యగారు గోడకి ఆనుకుని, కాళ్ళు బారచాపుకుని కునుకు తీస్తున్నారు. మా వదిన వాళ్ళమ్మ కడుతున్న దండకి పూలు అందిస్తూ ఊళ్ళో కబుర్లు చెబుతోంది. వరండాలో పడుకుంటానన్న మాట తను మర్చిపోయింది, మేం గుర్తు చెయ్యలేదు.

"కాస్త లేవండి, కొలుచుకోవాలి" అన్నారు మావారు.

ఎవరూ లేవలేదు. మా అత్తగారు పూలు కడుతూనే, "రానియ్యరా, నీ మిషను. నా పక్కన వేసుకో. నేను కాళ్ళు ముడుచుకుంటాలే" అన్నారు.

అలా అనేసరికి ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. టేపు కాసేపు చేతిలో తిప్పారు. అన్నయ్యగారి కాళ్ళ పొడుగు, మిషను పొడుగు మనసులో పోల్చుకున్నట్టున్నారు. వాళ్ళక్క తలెత్తి చూసి, "నిలబడ్డావేందిరా? కూర్చో. ఇప్పటిగ్గానీ అమ్మ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు లేదు నాకు" అంది. మావారు టేపు జేబులో పెట్టుకుని, తాడు దాటి, బావగారి పక్కన కూర్చున్నారు. సాయంత్రం తాడు విప్పి మళ్ళీ ఉండ చుట్టేసుకున్నారు.

ఇప్పుడు ఆయన బయటే నడుస్తున్నారు. ముసుగు లేకుండానే. దారిలో ఆపినవాళ్ళతో, "ఆగితే డాక్టరు తిడతాడు, నాతో నడుస్తూ అడుగు" అంటున్నారు. కొందరు నిజంగానే బళ్ళు పక్కన పెట్టి ఆయనతో పాటు నడుస్తున్నారుట. మా ఇంట్లో అందరి కొనుగోళ్ళూ ఆగిపోయాయని మాత్రం చెప్పను. కొన్నిసార్లు చోటు నిజంగానే వారం ఖాళీగా ఉంటుంది, వస్తువు నిజంగానే వస్తుంది. మా అమ్మాయి చదువుకోడానికి ఒక బల్ల అలాగే వచ్చింది. దాని మీద ఇప్పటిదాకా పుస్తకాలే ఉన్నాయి.

ఈమధ్య మేమిద్దరం చిలకలూరిపేట ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. వచ్చేటప్పుడు హైవే పక్కన పెద్ద సామాన్ల షాపులోకి ఊరికే చూద్దామని వెళ్ళాం. ఒకతను కూరగాయలు తరిగే మిషను పెట్టి కేరట్లు పూలలాగా, ఉల్లిపాయలు దారాల్లాగా కోసి చూపిస్తున్నాడు. మావారి కళ్ళు మెరిశాయి. నిజం చెప్పాలంటే నావి కూడా.

"ఎక్కడ పెడదాం?" అన్నారాయన నెమ్మదిగా.

ఇద్దరం షాపు మధ్యలో నిలబడి మనసులో ఇల్లంతా తిరిగాం. గట్టు మీద? అక్కడ జాడీ. కిటికీ పక్కన? అక్కడ అత్తయ్య. బల్ల మీద? పిల్ల ఊరుకోదు.

"ఇల్లు ఎంత పెద్దది సార్ మీది?" అని అడిగాడు ఆ మిషను అతను, మేం అలా చాలాసేపు నిలబడిపోతే.

"ఇల్లు పెద్దదే. మనుషులే ఎక్కువున్నారు" అన్నారు మావారు. మిషను అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాం. బస్సులో దారంతా మా గొప్పతనం గురించి మేమే మాట్లాడుకున్నాం. ఒకప్పుడైతే రెండు కొనేవాళ్ళం, ఒకటి అక్కకి కూడా అని మావారు అన్నారు. రెండు కాదు మూడు, ఒకటి పాడైతే ఇంకోటని నేను అన్నాను.

ఇంటికొచ్చి గుమ్మంలో అడుగు పెట్టామో లేదో మూలలోంచి కేక వినిపించింది. "ఏం తెచ్చార్రా?"

"ఏమీ తేలేదమ్మా" అన్నారు మావారు, మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తూ.

"ఏమీ తేలేదా?"

"ఒక్క వస్తువు కూడా కొనలేదు."

మా అత్తగారు మనవరాలి వైపు తిరిగారు. ఇద్దరి ముఖాలూ ఒకేలా ముడుచుకున్నాయి. "ఊరెళ్ళి ఉత్త చేతుల్తో ఇంటికొచ్చే మనుషుల్ని ఇప్పుడే చూస్తన్నా. పొద్దున్నుంచి ఎదురు చూస్తన్నాం, నేనూ ఇదీ. ఇంత జిలేబీ అన్నా తేలేకపోయారా?"

"నువ్వేగా అమ్మా, చోటు చూపించకుండా ఏదీ ఇంట్లోకి తేవద్దన్నది!"

"తినేదానికి చోటేందిరా?" అన్నారు మా అత్తగారు, పొట్ట మీద చెయ్యేసి చూపిస్తూ. "వారం నుంచి ఖాళీగానే ఉంది."

అది అబద్ధమని మాకందరికీ తెలుసు. మధ్యాహ్నం ఆవిడ మామిడికాయ పప్పుతో రెండుసార్లు కలుపుకున్నారని మా అమ్మాయి అప్పుడే చెప్పేసింది కూడా. అయినా మావారు మళ్ళీ చెప్పులేసుకుని బజారుకి బయల్దేరారు. "నాకు కారప్పూస" అని వెనక నుంచి నేను కూడా ఒక కేక వేశాను.